జీతం కోత ఒక లెక్క, ఉద్యోగ భయం ఇంకో లెక్క

నలభై దాటినవాళ్లకు జీతం తగ్గితే ఇంట్లో మొదట జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. కాగితం, పెన్ను ముందేసుకుని ఖర్చుల చిట్టా రాస్తారు. సినిమాలు, బయటి తిండి, వెళ్లని జిమ్ము, రెండో ఫోను కనెక్షన్ కొట్టేస్తారు. ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. మర్నాడు మళ్లీ పట్టదు. చిట్టాలో తప్పేం లేదు. అది జీతం తగ్గిందన్న సమస్యకు జవాబు. నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇంకో సమస్య.

జీతం తగ్గడం, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోవడం సాధారణంగా జంటగా వస్తాయి. అందుకే రెండూ ఒకటే అనుకుంటాం. మొదటిదాంట్లో ప్రశ్న 'ఎంత' అన్నది. రెండోదాంట్లో 'ఎప్పుడు, అసలు జరుగుతుందా' అన్నది. మొదటిదానికి ఖర్చు తగ్గాలి. రెండోదానికి చేతిలో డబ్బు, బయట పరిచయాలు పెరగాలి. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి వికటించే ప్రమాదం ఇక్కడే ఉంది. జీతం తగ్గిందని భయపడి పొదుపంతా ఊడ్చి అప్పు తీర్చేసినవాళ్లు నెలవారీ ఈఎంఐ వదిలించుకున్న మాట నిజమే. నాలుగు నెలల తర్వాత ఉద్యోగమే పోతే వాళ్ల చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఇటుపక్క, ఉద్యోగం పోతుందేమోనని రాత్రీ పగలూ ఆఫీసుకే అంకితమైన మనిషికి బయట ఏం జరుగుతోందో చూసే తీరికే ఉండదు. కాబట్టి ముందు ఈ రెండు ముడులనూ విడదీసి చూద్దాం.

కంపెనీ జీతం కోసిందంటే ఏమిటి అర్థం?

నిజానికి జీతాలు కోయడమంటే కంపెనీలకు మహా ఇబ్బంది. ధరలు పడిపోయినంత తేలిగ్గా జీతాలు పడిపోవని బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే చర్చించాడు. అలా ఎందుకని తర్వాత చాలామంది ఆర్థికవేత్తలు సిద్ధాంతాలు అల్లారు. ట్రూమన్ బ్యూలీ అనే అమెరికన్ ఆర్థికవేత్త మాత్రం 1990ల మొదట్లో, మాంద్యం నడుస్తుండగా, యజమానులను, మేనేజర్లను నేరుగా వెళ్లి అడిగాడు. మూడొందల మందికి పైగా మనుషులతో మాట్లాడాడు. వాళ్లు చెప్పిన దాని సారాంశం ఇది: జీతం కోస్తే మనసు విరిగినవాళ్లు రేపు కూడా ఇదే ఆఫీసుకు వస్తారు. తీసేస్తే ఆ బాధ గేటు దాటిపోతుంది. పైగా కోత పడినప్పుడు ముందు వెళ్లిపోయేది బయట గిరాకీ ఉన్న మంచి ఉద్యోగులే. అందుకే చాలా కంపెనీలు కోత కంటే లేఆఫ్‌నే, అంటే కొందరిని తీసేయడాన్నే, ఎంచుకుంటాయి.

దీన్ని తిరగేసి చదివితే మనకు పనికొచ్చే సంగతి ఒకటి బయటపడుతుంది. పైనుంచి కిందిదాకా అందరికీ కోత పెట్టి, పెద్దవాళ్లకు ఎక్కువ శాతం, చిన్నవాళ్లకు తక్కువ శాతం కోసిన కంపెనీకి నగదు కటకట ఉంది, కానీ మనుషుల్ని వదులుకోవడం ఇష్టం లేదు. ఒక విభాగానికో, ఒక వయసువాళ్లకో, మరీ ముఖ్యంగా మీ ఒక్కరికో కోత పడితే మాత్రం అది డబ్బు సంగతి కాదు, కబురు. హోదా అలాగే ఉంచి బాధ్యతలు తీసేయడం కూడా ఆ కోవలోకే వస్తుంది. మొదటి రకంలో కంగారుపడి రాజీనామా చేయడం పెనం మీంచి పొయ్యిలో పడటం. రెండో రకంలో 'అన్నీ సర్దుకుంటాయిలే' అని కూర్చోవడం అంతకంటే ప్రమాదం.

కోతకు వేషాలు కూడా చాలా ఉన్నాయి. మొత్తం ప్యాకేజీ అంతే ఉంచి, అందులో గ్యారంటీగా వచ్చే భాగాన్ని తగ్గించి, పనితీరును బట్టి వస్తే వచ్చే 'వేరియబుల్' భాగాన్ని పెంచేస్తారు. కాగితం మీద ఒక్క రూపాయి తగ్గదు. లేదా జీతం అలాగే ఉండి, వెళ్లిపోయిన ఇద్దరి పనీ మీ నెత్తిన పడుతుంది. అన్నిటికంటే మర్యాదస్తురాలైన కోత ఇంక్రిమెంట్ ఇవ్వకపోవడం. ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే, మూడేళ్లు జీతం కదలకపోతే, దాని కొనుగోలు శక్తి 16 శాతం తగ్గినట్టే. ఎవరూ మెయిల్ పంపరు, ఎవరూ సారీ చెప్పరు. మనకూ అంత కోపం రాదు. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఇద్దరు సహ పరిశోధకులు 1986లో ప్రచురించిన సర్వే ఒకటుంది. మాంద్యంలో, ధరలు పెరగని సమయంలో కంపెనీ జీతాలను 7 శాతం తగ్గిస్తే 62 శాతం మంది అన్యాయం అన్నారు. ధరలు 12 శాతం పెరుగుతుండగా జీతాలు 5 శాతమే పెంచితే అన్యాయం అన్నవాళ్లు 22 శాతమే. చేతికి నష్టం రెంటిలోనూ దాదాపు ఒకటే. కళ్లెదుట అంకె తగ్గితేనే మనకు నొప్పి తెలుస్తుంది. మూడేళ్లుగా ఇంక్రిమెంట్ లేని ఉద్యోగంలో 'మాకు కోతల్లేవు' అని ధీమాగా ఉన్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అడగాల్సిన ప్రశ్నలు

జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనం గురించి ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకే కంపెనీకి చెందిన రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు 15 శాతం జీతం కోశారు. ఒక చోట కంపెనీ పెద్ద స్వయంగా వచ్చి, ఎందుకు కోయాల్సి వచ్చిందో అంకెలతో వివరంగా చెప్పి, విచారం వెలిబుచ్చి, ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చాడు. రెండో చోట పొడిపొడిగా నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోయారు. కోత నడిచిన కాలంలో రెండు చోట్లా ఫ్యాక్టరీలో దొంగతనాలు పెరిగాయి. అయితే వివరంగా చెప్పని చోట చాలా ఎక్కువ పెరిగాయి, ఉద్యోగం మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. కోత ఒకటే, చెప్పిన తీరే వేరు.

యజమానులకు పాఠంగా దీన్ని చెబుతుంటారు. ఉద్యోగికీ ఇందులో పాఠం ఉంది. వివరణ అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. మర్యాదగా అడిగినంత మాత్రాన సాధారణంగా ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయరు. అడగకపోతే మాత్రం ఊహలతోనే సరిపెట్టుకోవాలి. హెచ్‌ఆర్ మీటింగులో తల ఊపేసి వచ్చి, కారిడార్‌లో గంటసేపు గుసగుసలాడుకోవడం మనందరికీ అలవాటే. దానికి బదులు మర్యాదగా, వీలైతే మెయిల్‌లో, అడగాల్సినవి అడిగేయాలి.

కోత ఎప్పటివరకు? తేదీ ఉందా, లేక 'పరిస్థితులు మెరుగుపడేదాకా'నా? తిరిగి ఇచ్చేటప్పుడు ఆగిపోయిన డబ్బు కూడా ఇస్తారా, లేక అక్కడి నుంచి పాత జీతం మాత్రమేనా? ఈ రెండూ చాలామంది అడుగుతారు. అడగనిది మూడోది, చాలాసార్లు అదే ఖరీదైనది. జీతం మీద లెక్కగట్టే మిగతా ప్రయోజనాలు, అంటే పదవీ విరమణ నిధికి కంపెనీ వాటా, బోనస్, రేపు ఉద్యోగం పోతే ఇచ్చే పరిహారం, పాత జీతం మీద లెక్కిస్తారా, తగ్గిన జీతం మీదనా? మూడు నెలల కోతకు సంతకం పెట్టి, నాలుగో నెల లేఆఫ్ అయి, పరిహారం మొత్తం తగ్గిన అంకె మీద చేతికొస్తే అది గోరుచుట్టు మీద రోకటి పోటు. కోతను తాత్కాలికమని, ప్రయోజనాలకు పాత జీతమే ఆధారమని ఒక్క వాక్యం రాసిమ్మని అడగండి. నిజంగానే తాత్కాలికమైతే కంపెనీకి ఆ వాక్యం రాయడానికి ఇబ్బంది ఉండదు. ఇబ్బంది పడితే అదే మీకు జవాబు.

ఇంకోటి బేరానికి కూడా పనికొస్తుంది. జీతం తగ్గితే పని గంటలు కూడా తగ్గుతాయా? జర్మనీలో ఇది ప్రభుత్వ పథకంగానే ఉంది. 2009 మాంద్యంలో అక్కడ ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంగిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. పది లక్షల మందికి పైగా కార్మికులను తీసేయకుండా గంటలు తగ్గించి, పోయిన జీతంలో కొంత భాగం ప్రభుత్వం భరించింది. అలాంటి పథకం లేని చోట కూడా 'ఇరవై శాతం జీతం తగ్గింది కాబట్టి వారంలో ఒక రోజు నాకు వదలండి' అని అడగొచ్చు. డబ్బు ఇవ్వలేని కంపెనీ టైమ్ ఇవ్వగలదు. ఆ ఒక్క రోజు ఎంత విలువైనదో కిందకు వచ్చేసరికి తెలుస్తుంది.

ఇరవై శాతం ఇంటికొచ్చేసరికి యాభై

చేతికొచ్చే జీతం వంద అనుకుందాం. నడివయసు ఇంట్లో అందులో అరవై దాకా ముందే మాటిచ్చేసిన డబ్బు: ఇంటి అప్పు లేదా అద్దె, పిల్లల ఫీజులు, బీమా, పెద్దవాళ్ల మందులు. మిగిలిన నలభైలోనే ఇల్లు గడవాలి, పొదుపూ జరగాలి. జీతం ఎనభై అయితే ఆ అరవై కదలదు. నలభై కాస్తా ఇరవై అవుతుంది. అంటే మెయిల్‌లో ఇరవై శాతం అని రాసిన కోత, వంటింటికి చేరేసరికి యాభై శాతం. పాతికేళ్ల కుర్రాడికి ఇదే కోత పడితే అద్దె తక్కువున్న గదికి మారిపోతాడు. నలభై అయిదేళ్ల మనిషి జీతం ఎక్కువైనా కదలడానికి చోటు తక్కువ. ఇంట్లో అందరూ పొదుపుగానే ఉన్నా ఎందుకు చాలడం లేదని ఒకరినొకరు అనుకోవడం ఈ లెక్క తెలియకే.

పైకెక్కే లెక్క కూడా అడ్డంగానే ఉంటుంది. ఇరవై శాతం తగ్గిన జీతం పాత చోటికి రావాలంటే ఇరవై అయిదు శాతం పెరగాలి. ముప్పై శాతం తగ్గితే దాదాపు నలభై మూడు శాతం. 'వచ్చే ఏడాది ఇరవై శాతం హైక్ ఇచ్చి సరిచేస్తాం' అని ఎవరైనా అంటే, వంద ఎనభై అయి, ఎనభై తొంభై ఆరు అయిందని గుర్తుంచుకోవాలి.

ఇందులోంచి తేలేది ఏమిటంటే, చిన్న ఖర్చుల చిట్టా ఊరట ఇస్తుందేగానీ ఆదుకోదు. సగం కోత పడిన ఇరవైలో కాఫీలు ఏరడం వల్ల మనుషులు చిరాకుపడతారు, అంతే. అరవైని కదిలించాలి. అక్కడ ఉండేవి మూడు నాలుగు పెద్ద అంశాలే: ఇల్లు, అప్పులు, వాహనం, చదువులు. వీటిలో అప్పు దగ్గర వరస ముఖ్యం. కంతు తప్పకముందే బ్యాంకుకు వెళ్లి కాలపరిమితి పెంచమనో, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కట్టనివ్వమనో అడిగే మనిషిని బ్యాంకు ఒకలా చూస్తుంది. రెండు కంతులు ఎగ్గొట్టాక వెళ్లినవాడిని ఇంకోలా చూస్తుంది. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కట్టాల్సి వస్తుందన్నది నిజం. దాన్ని నెలనెలా ఊపిరి తీసుకోవడానికి కట్టే ధరగా ఒప్పుకోవాలి. అధిక వడ్డీ క్రెడిట్ కార్డు బాకీలకు మాత్రం ఈ సూత్రం వర్తించదు, వాటిని ముందు తీర్చేయాల్సిందే.

ఇక పొదుపు. కోత పడిన ఇంట్లో, ఉద్యోగం కూడా ఊగుతుంటే, చేతిలో ఉన్న నగదు విలువ దాని వడ్డీ కంటే చాలా ఎక్కువ. గృహరుణానికి మొత్తం కట్టేసిన డబ్బును రేపు వెనక్కి ఇమ్మంటే బ్యాంకు ఇవ్వదు. ఉద్యోగం లేని మనిషికి కొత్త అప్పు అసలే పుట్టదు. అందుకే రెండు సమస్యలూ ఉన్నప్పుడు ముందస్తు చెల్లింపులు ఆపడమే నయమని నా అభిప్రాయం, వడ్డీ లెక్కలు ఎంత ఊరించినా సరే. అలాగే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, సొంతంగా ఒక పాలసీ ఉద్యోగం ఉండగానే, ఒంట్లో బాగుండగానే తీసుకోవాలి. ఖర్చు తగ్గించే వేళ కొత్త ప్రీమియమా అనిపిస్తుంది. పాత ఆరోగ్య సమస్యలున్న నడివయసువాళ్లకు తర్వాత ఇదే దొరకని సరుకు.

సగం సగం తెలియడమే నరకం

ఇప్పుడు రెండో ముడి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. తెర మీద రాళ్లు కనిపిస్తాయి, వాటి కింద పాముందో లేదో ఊహించాలి. పాముంటే చేతికి చిన్న కరెంటు షాకు. చెమట, కంటిపాప కొలిచి చూస్తే తేలింది ఇది: షాకు తప్పదని తెలిసినప్పటికంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అని సరిగ్గా సగం సగం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువ. ఉద్యోగాల విషయంలోనూ ఇలాంటిదే కనిపించింది. అమెరికాలో రెండు పెద్ద జాతీయ సర్వేల్లో అవే మనుషులను ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఏళ్లు గడిపినవాళ్ల ఆరోగ్యం మీద పడిన ప్రభావం, నిజంగా ఉద్యోగం పోవడం వల్ల పడిన ప్రభావం కంటే బలంగా ఉంది.

వినడానికి వింతగా ఉన్నా కారణం తెలిసిందే. ఉద్యోగం పోయిన మనిషికి పని ఉంటుంది: రెజ్యూమె, ఫోన్లు, ఇంటర్వ్యూలు. ఇంట్లోవాళ్ల సానుభూతి ఉంటుంది. పోతుందేమోనని ఉన్న మనిషికి చేయడానికి ఏమీ ఉండదు, చెప్పుకోవడానికీ ఉండదు. 'ఇంకా ఉద్యోగం ఉందిగా, ఏం టెన్షన్?' అంటారు. 1984లో ఈ అంశం మీద తొలి సిద్ధాంత వ్యాసం రాసిన గ్రీన్‌హాల్, రోజెన్‌బ్లాట్ ఉద్యోగ అభద్రతను నిర్వచిస్తూ నిస్సహాయత అన్న మాటనే ముందు పెట్టారు. అంటే ప్రమాదం ఎంత పెద్దదన్నది సగమే. నా చేతుల్లో ఏమీ లేదన్నది మిగతా సగం.

దానికి విరుగుడు 'పాజిటివ్‌గా ఉండు' అన్న మాట మాత్రం కాదు. ప్రశ్న మార్చుకోవాలి. 'ఉంటుందా పోతుందా' అన్నదానికి మీ దగ్గర జవాబు లేదు, మీ మేనేజరు దగ్గర కూడా ఉండకపోవచ్చు. 'ఈ నెలాఖరుకే పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలం?' అన్నదానికి జవాబు ఇవాళ సాయంత్రమే తేలుతుంది. వెంటనే తీసుకోగల డబ్బు ఎంత, ఇంటికి నెలకు కనీసం కావలసింది ఎంత, మొదటిదాన్ని రెండోదాంతో భాగించడమే. నోటీస్ పీరియడ్ జీతం, రావలసిన పరిహారం కలిపితే ఇంకో రెండు నెలలు. ఇంట్లో ఇద్దరూ సంపాదిస్తుంటే అంకె ఇంకా పెరుగుతుంది, అయితే ఇద్దరూ ఒకే రంగంలో ఉంటే దాన్ని మరీ నమ్ముకోకూడదు. ఈ లెక్క భార్యాభర్తలు కలిసి కూర్చుని వేయాలి. ఒక్కరే మోస్తే అది రహస్యమవుతుంది, రహస్యం మళ్లీ భయమవుతుంది. తేలిన అంకె ఏడు కావచ్చు, రెండున్నర కావచ్చు. రెండున్నర అయినా సరే, తెలియకపోవడం కంటే మేలు. ఇప్పుడు దాన్ని మూడు చేయడమనే పని ఒకటి చేతికొచ్చింది.

తర్వాతది, పుకార్లలోంచి గుర్తుల్ని వేరు చేయడం. ఎవరో వెళ్లిపోతున్నారన్నది పుకారు. కొత్త నియామకాలు ఆగిపోవడం గుర్తు. మీ ప్రాజెక్టుకు వచ్చే ఏడాది బడ్జెట్ వేయకపోవడం గుర్తు. మీరు చేసే పనినంతా వివరంగా రాసిపెట్టమని, ఇంకొకరికి నేర్పమని అడగడం ఒక్కోసారి మామూలే, ఒక్కోసారి గుర్తు. అన్నిటికంటే గట్టిది జీతం ఆలస్యం కావడం. తక్కువ జీతం ఒకటో తారీఖున వేసే కంపెనీ ఇబ్బందిలో ఉంది, కానీ లెక్క చూసుకుంటోంది. పూర్తి జీతం పదిహేనో తారీఖున వేసే కంపెనీలో లెక్కే చెయ్యి దాటింది. సరుకు సరఫరా చేసేవాళ్లకు బిల్లులు ఆగడం, ప్రయాణ ఖర్చులు నెలల తరబడి తిరిగి రాకపోవడం ఆ దశకు ముందు వచ్చేవి. మీకు రావలసిన రీయింబర్స్‌మెంట్లు ఏవైనా ఉంటే ఇవాళే పెట్టేయండి. కంపెనీ చేతులెత్తేస్తే మీరూ అప్పులవాళ్ల వరసలో నిలబడతారు, అంతే.

ఏ గుర్తు కనిపిస్తే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకుంటే రోజూ ఆలోచించే బాధ తప్పుతుంది. బడ్జెట్ ఆగితే పాత సహోద్యోగులకు ఫోన్లు మొదలు. జీతం ఒకసారి ఆలస్యమైతే అప్లికేషన్లు మొదలు. రెండోసారి ఆలస్యమైతే వచ్చిన మొదటి మర్యాదైన ఆఫర్‌కు సరే. కాగితాలు కూడా ముందే: నియామక పత్రం, పే స్లిప్పులు, అప్రైజల్ లెటర్లు ఇంట్లో ఒక కాపీ ఉండాలి. లేఆఫ్ రోజు లాగిన్ ఆగిపోతుంది, అప్పుడు వెతికినా దొరకవు. మీ సొంత కాగితాలే సుమా, కంపెనీ ఫైళ్లు కాదు. ఆ రోజు గదిలోకి పిలిచి 'మీరే రాజీనామా ఇస్తే రికార్డు బాగుంటుంది' అంటే, చదువుకుని రేపు చెబుతానని లేచి రావాలి. రాజీనామాకూ తొలగింపుకూ పరిహారంలో తేడా చాలాచోట్ల పెద్దదే. ఆ గదిలో తొందర వాళ్లకే, మీకు కాదు.

నడివయసులో మాత్రమే ఎందుకింత దెబ్బ?

1980ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఫ్యాక్టరీలు మూతపడి, కుంచించుకుపోయి, చాలామంది పాతకాపు ఉద్యోగులు రోడ్డున పడ్డారు. వాళ్ల సంపాదన ఏమైందో జేకబ్సన్, లలాండ్, సలివన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1993లో ప్రచురించారు. మళ్లీ ఉద్యోగాలు దొరికాయి. కానీ అయిదారేళ్ల తర్వాత కూడా సంపాదన, ఉద్యోగం పోకపోతే వచ్చేదానికంటే దాదాపు పాతిక శాతం తక్కువగానే ఉంది. డేవిస్, వాన్ వాక్టర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ఇంకో లెక్క కట్టారు. నిరుద్యోగం తక్కువగా ఉన్న రోజుల్లో మూకుమ్మడి లేఆఫ్‌లో ఉద్యోగం పోతే మగ ఉద్యోగులకు దీర్ఘకాలంలో నష్టం దాదాపు 1.4 ఏళ్ల జీతంతో సమానం. నిరుద్యోగం 8 శాతం దాటిన రోజుల్లో అయితే 2.8 ఏళ్లు. రెట్టింపు. అంటే ఎలాంటి రోజుల్లో పోయిందన్నది చాలా ముఖ్యం. మాంద్యం మధ్యలో కోపంతో రాజీనామా విసిరేయాలని చెయ్యి దురదపెట్టినప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తొస్తే చాలు.

కారణం ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960ల్లో చెప్పిన తేడాలో దొరుకుతుంది. మన నైపుణ్యంలో కొంత ఎక్కడికి వెళ్లినా చెల్లుతుంది. కొంత ఆ కంపెనీలోనే చెల్లుతుంది: ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగుతుంది, ఏ కస్టమరుకు ఎలా చెప్పాలి, పాత సాఫ్ట్‌వేర్‌లో ఏది ముట్టుకోకూడదు. పదిహేనేళ్ల ఉద్యోగి జీతంలో ఈ రెండో రకానికిచ్చే వాటా చాలా ఉంటుంది. గేటు దాటితే దానికి మార్కెట్లో ధర లేదు. అది మీ తప్పు కాదు, కంపెనీ మీ నుంచి కోరుకుందే అది. కానీ మీ జీతంలో ఎంత భాగం బయట చెల్లుతుందో తెలుసుకోకుండా కోతను తిరస్కరించాలో ఒప్పుకోవాలో తేల్చలేం. ఉద్యోగం మారే ఉద్దేశం లేకపోయినా ఏడాదికోసారి ఒకటి రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి రావడం అందుకే మంచిది. కోత తర్వాతి జీతం కూడా బయటి ధర కంటే ఎక్కువే అని తేలితే, మింగుడుపడకపోయినా, ఉండటమే లాభం.

బయట చెల్లే భాగాన్ని పెంచడమంటే ప్రతి ఒక్కరూ రాత్రికి రాత్రి కొత్త కోర్సు చేయడం కాదు. చాలామందికి ఉన్నదాన్ని బయటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే సగం పని. ఒక రెజ్యూమెలో ఇలా ఉందనుకోండి: 'ఆర్-3 మాడ్యూల్ బాధ్యతలు, త్రైమాసిక సమన్వయం, పదకొండేళ్లు.' లోపలివాళ్లకు ఇది పెద్ద హోదా. బయటివాడికి అక్షరం ముక్క అర్థం కాదు. అదే మనిషి ఇలా రాయొచ్చు: 'నలభై మంది సరఫరాదారుల బిల్లులు నెలాఖరులో తేలడానికి తొమ్మిది రోజులు పట్టేది. తప్పులు ఎక్కడ పుడుతున్నాయో పట్టుకుని మూడు రోజులకు తెచ్చాను.' అనుభవం అదే. రెండోది ఏ కంపెనీకైనా కావలసిన పని. 'పదకొండేళ్లు' అన్న మాట కూడా పోయింది గమనించారా? నడివయసు రెజ్యూమెలో ఏళ్ల లెక్క గొప్పగా వినిపిస్తుందనుకుంటాం. చదివేవాడికి అది జీతం బరువుగా వినిపిస్తుంది.

పరిచయాలదీ ఇదే తంతు. కొత్త ఉద్యోగాల కబుర్లు దగ్గరి స్నేహితుల కంటే అంతంతమాత్రం పరిచయస్తుల ద్వారానే ఎక్కువ చేరతాయని సామాజికవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో వాదించాడు. లింక్డిన్‌లో రెండు కోట్ల మందిపై అయిదేళ్లు జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మరీ దూరపువాళ్లూ కాకుండా, మరీ దగ్గరివాళ్లూ కాకుండా మధ్యస్థంగా ఉన్న పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ ఉపయోగపడ్డాయని తేలింది. నలభై అయిదేళ్ల మనిషి దగ్గరి పరిచయాలన్నీ తన కంపెనీలోనే ఉంటాయి. ఓడ మునిగితే అందరూ ఒకేసారి నీళ్లలో ఉంటారు, ఒకరికొకరు చెయ్యందించే స్థితి ఉండదు. పదేళ్ల కిందట పక్క డెస్క్‌లో పనిచేసి వెళ్లిపోయిన మనిషి ఇప్పుడు పనికొస్తాడు. అవసరం పడ్డాక ఫోన్ చేయడానికి మొహమాటం అడ్డొస్తుంది కాబట్టి, అవసరం లేనప్పుడే ఒకసారి పలకరించాలి. కోతకు బదులుగా అడిగి తెచ్చుకున్న ఆ ఒక్క రోజు దీనికోసమే.

ఇంకో మాట, జీతం కోతకు గురైనవాళ్లకు ప్రత్యేకంగా. కొత్త కంపెనీ 'ఇప్పటి జీతం ఎంత' అని అడిగి దాని మీద శాతం కడుతుంది. తగ్గిన జీతం చెబితే ఆ కోత మీతోపాటు కొత్త ఉద్యోగంలోకీ వస్తుంది. కోత ముందటి పే స్లిప్పు, కోత తాత్కాలికమని చెప్పే మెయిల్ చూపించి, పాత జీతం నుంచి లెక్క మొదలుపెట్టమని అడగాలి. ఆ మెయిల్ రాయించుకోమని పైన చెప్పింది ఇందుకు కూడా.

ఉద్యోగం పోయిందే అనుకుందాం. మంచి జీతం వచ్చేదాకా ఆగాలా, తక్కువకైనా చేరిపోవాలా? అమెరికాలో కొందరు పరిశోధకులు వేల సంఖ్యలో కల్పిత రెజ్యూమెలు కంపెనీలకు పంపి చూశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గుతూ పోయాయి, మొదటి ఎనిమిది నెలల్లోనే బాగా పడిపోయాయి. కాబట్టి పట్టుదల ఎన్ని నెలలో మొదటి రోజే తేల్చుకోవాలి. మొదటి మూడు నెలలు పాత జీతం, తర్వాత మూడు నెలలు దానికి పదిహేను శాతం తక్కువ, ఆపైన పని నచ్చితే చాలు, ఇలాగన్నమాట. నెలల లెక్క మీరు ముందు తేల్చిన ఆ ఏడు లేదా రెండున్నర అంకెను బట్టి ఉంటుంది.

కోపం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో అది బయటపడుతుంది. 1994లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, లేఆఫ్ అయిన నడివయసు నిపుణులను అయిదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ అప్లికేషన్లేమీ పెట్టలేదు. ఉద్యోగాలు మాత్రం త్వరగా తెచ్చుకున్నారు. చిన్న అధ్యయనమే, దాన్నే నమ్ముకోమని చెప్పను. కానీ 'పాత కంపెనీ ఎందుకు వదిలేశారు' అన్న ప్రశ్నకు రెండు వాక్యాల్లో, గొంతు మారకుండా జవాబు చెప్పగలిగే దాకా ఇంటర్వ్యూలకు వెళ్లకపోవడమే మంచిది. ఇంట్లో అద్దం ముందు చెప్పి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకు: మీ ముందున్నది ఏ ముడి? జీతం తగ్గినా కుర్చీ గట్టిగా ఉంటే, ఉదాహరణకు అందరికీ కోత పడి, జీతం టైముకు వస్తూ, మీ పనికి బడ్జెట్ ఉంటే, పని అంతా ఇంట్లోనే: అరవైని కదిలించడం, అప్పు కాలం పెంచుకోవడం. జీతం అలాగే ఉండి కుర్చీ ఊగుతుంటే, ఇంట్లో ఇప్పుడే కోత పెట్టుకోవడం ఉత్తమం. వస్తున్న పూర్తి జీతంలోంచి నెలకు ఇరవై శాతం పక్కన పెడితే, నెలల అంకె పెరుగుతుంది, తక్కువలో బతకడం కూడా ముందే అలవాటవుతుంది. రెండూ ఒకేసారి వస్తే భయాన్నే ముందు చూసుకోవాలి. తగ్గిన జీతంతో ఇబ్బందిగానైనా బతుకుతాం. చేతిలో డబ్బు లేకుండా ఉద్యోగం పోతే దొరికిన ఏ ఆఫర్‌కైనా తల వంచాల్సి వస్తుంది, ఆ తక్కువ జీతం తర్వాత ఎన్నేళ్లు వెంటాడుతుందో పెన్సిల్వేనియా లెక్కలో చూశాం.

ఇక కోత గడువు ముగిసిన రోజు. పాత జీతం వేస్తే, పోయిన డబ్బు సంగతి రాతపూర్వకంగా ఒకసారి గుర్తుచేయండి. 'ఇంకో మూడు నెలలు' అని మెయిల్ వస్తే, మొదటిసారికి సరే అనుకోవచ్చు. రెండోసారి కూడా పొడిగిస్తే దాన్ని తాత్కాలికమని పిలవడం మానేసి, కొత్త జీతం ఇదేనని ఇంటి బడ్జెట్‌లో రాసుకుని, ఆ వారంలోనే అప్లికేషన్లు మొదలుపెట్టాలి.